విశాఖ నుంచి డాలస్‌కు ఎంత దూరం, ఎంత సమయం: ఇంట్లోనే లెక్క కట్టుకొనే పద్ధతి

విశాఖపట్నంలో ఏ వీధిలోనైనా పిల్లలో మనవలో అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. ఆ ఇంట్లో పెద్దవాళ్లకు వీసా రాగానే మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని గంటల ప్రయాణం?" అన్నదే. ఒకరు పదిహేడు గంటలంటారు, ఒకరు ఇరవై రెండంటారు, నిరుడు వెళ్లివచ్చిన పక్కింటివారు ఒకటిన్నర రోజు పట్టిందంటారు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కోదాన్ని కొలుస్తున్నారు. రెండు ఊళ్ల మధ్య ఆకాశదూరం ఒక లెక్క, విమానాల్లో గడిచే సమయం మరో లెక్క, ఇంటి గడప దాటింది మొదలు అవతలి గడప తొక్కేదాకా పట్టే సమయం ఇంకో లెక్క. ఈ మూడింటినీ విడివిడిగా ఎలా కట్టుకోవాలో, విశాఖ–డాలస్ ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకొని, ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో ముందుగా చెప్పాలి. మా అమ్మ మొదటిసారి ఒంటరిగా డాలస్ వెళ్లినప్పుడు టికెట్ తీసిచ్చిన ఏజెంటు "ఇరవై ఒక్క గంటల ప్రయాణం అమ్మా" అని చెప్పారు. టికెట్ మీద బయలుదేరే సమయం, చేరే సమయం చూసి ఒకదాన్నుంచి మరొకటి తీసివేసి చెప్పిన మాట అది. అమ్మ ఆ లెక్కను నమ్మి బీపీ, షుగర్ మాత్రలు ఒక్క రోజుకు సరిపడా మాత్రమే చేతిసంచిలో ఉంచుకొని, మిగతావి పెద్ద సూట్‌కేసులో సర్దింది. మూడో పూట మాత్రలు వేసుకోవలసిన వేళకు ఆమె విమానంలోనే ఉంది. మాత్రలు కాళ్ల కింద, సామాన్ల అరలో ఉన్నాయి. ఆ రోజు ప్రమాదమేమీ జరగలేదు. కానీ ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ఈ లెక్కంతా కాగితం మీద వేసిన తర్వాతే సామాను సర్దడం మొదలుపెడుతున్నాం.

ముందు దూరం

దూరం కొలవడానికి రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు కావాలి. ఫోనులోని మ్యాపులో ఆ చోటుపై వేలితో నొక్కి పట్టుకుంటే అవి కనిపిస్తాయి. విశాఖ విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 17.72 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 83.22 డిగ్రీల దగ్గర ఉంది. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 32.90, పశ్చిమ రేఖాంశం 97.04 డిగ్రీల దగ్గర ఉంది. ఈ రెండు రేఖాంశాలను కూడితే 180.26 వస్తుంది. అంటే భూగోళాన్ని నిలువుగా సగానికి చీల్చే ఒకే వృత్తం మీద, ఉత్తర ధ్రువానికి ఇవతల విశాఖ, అవతల డాలస్ దాదాపు సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయన్నమాట. మనకు నడినెత్తిన సూర్యుడున్నప్పుడు వాళ్లకు నడిరేయి అని వాడుకగా అనుకొనే మాట ఈ జంట ఊళ్ల విషయంలో అక్షరాలా నిజం.

ఈ పొందిక వల్ల మన లెక్కకు త్రికోణమితి అక్కరలేదు, కూడికలు చాలు. విశాఖ నుంచి ధ్రువానికి 90 నుంచి 17.72 తీసివేస్తే 72.28 డిగ్రీలు. ధ్రువం నుంచి డాలస్‌కు 90 నుంచి 32.90 తీసివేస్తే 57.10 డిగ్రీలు. మొత్తం 129.38 డిగ్రీలు. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు కాబట్టి భూతలం మీద ఒక్కో డిగ్రీ సుమారు 111.2 కిలోమీటర్లు అవుతుంది. ఆ రెండింటినీ గుణిస్తే విశాఖ–డాలస్ దూరం దాదాపు 14,390 కిలోమీటర్లు. భూమి కచ్చితమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది; అందువల్ల వేర్వేరు చోట్ల చూసే అంకెల మధ్య కొన్ని పదుల కిలోమీటర్ల తేడా ఉంటుంది. దాన్ని పట్టించుకోనక్కరలేదు.

అంకెల మీద నమ్మకం కుదరనివారు బడిపిల్లల గ్లోబు ఒకటి, కుట్టుదారం ఒకటి తీసుకోండి. దారం కొనను విశాఖ మీద బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొనను డాలస్ మీదికి లాగి బిగించండి. గోడమీది పటం చూసి అలవాటైన కంటికి దారం పడమటికి, అరేబియా మీదుగా అట్లాంటిక్ మీదికి పోవాలనిపిస్తుంది. బిగించేకొద్దీ అది పైకి జారుతుంది. రాయగడ పరిసరాలు, కాశీ సమీపం, నేపాల్, టిబెట్ దాటి, సైబీరియాలోని నోవోసిబిర్స్క్ పక్కగా ధ్రువం మీదికి ఎక్కి, అవతలివైపు కెనడాలోని విన్నిపెగ్ దగ్గరగా దిగి, కాన్సస్, ఓక్లహోమాల మీదుగా డాలస్ చేరుతుంది. అదే అతి దగ్గరి దారి. గోడపటం మీది అలవాటుతో 25వ అక్షాంశం వెంట పడమటికి నేరుగా కొలిస్తే 18,000 కిలోమీటర్లు దాటుతుంది. పటాన్ని నమ్మితే మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా పొరపాటు పడతామన్నమాట.

మీ పిల్లలు వేరే ఊళ్లో ఉంటే ఈ కూడిక పనిచేయదు. ఫోనులో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ తెరిచి, అది డిగ్రీలలో ఉందని నిర్ధారించుకొని, ఈ వరుసలో చేయాలి. మొదట రెండు అక్షాంశాల సైన్‌లను గుణించి పక్కన రాసుకోవాలి. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లను గుణించి, ఆ ఫలితాన్ని రేఖాంశాల మధ్య తేడాకు ఉన్న కొసైన్‌తో మళ్లీ గుణించాలి. రెండు ఫలితాలనూ కూడి, ఆ మొత్తానికి విలోమ కొసైన్ (క్యాలిక్యులేటర్‌లో cos⁻¹ మీట) తీస్తే దూరం డిగ్రీలలో వస్తుంది, దాన్ని 111.2తో గుణించాలి. లండన్ హీత్రో అక్షాంశం 51.47, రేఖాంశం పడమర 0.45. మనది తూర్పు, వారిది పడమర కాబట్టి రేఖాంశాలను కూడాలి: 83.67. సైన్‌ల గుణకారం 0.238, కొసైన్‌లది 0.065, మొత్తం 0.303కు విలోమ కొసైన్ 72.3 డిగ్రీలు. అంటే సుమారు 8,040 కిలోమీటర్లు. రెండు ఊళ్లూ తూర్పు రేఖాంశాల్లోనే ఉంటే తీసివేయాలి. ఈ ఒక్క చోటే ఎక్కువమంది పొరబడతారు. ఇదే పద్ధతిలో సింగపూర్‌కు 2,910, శాన్‌ఫ్రాన్సిస్కోకు 13,300 కిలోమీటర్లు వస్తాయి.

దారి మలుపులు

విశాఖ నుంచి డాలస్‌కు నేరుగా వెళ్లే విమానం లేదు. ఉన్నా ధ్రువం మీదుగా గీత గీసినట్లు పోదు. ధ్రువప్రాంతంలో ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవాలి, అత్యవసరమైతే దిగడానికి విమానాశ్రయాలు అందుబాటులో ఉండాలి, కింద ఉన్న దేశాలు దారి ఇవ్వాలి. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళలే ఉన్న పైలట్ల బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా నడిపినప్పుడు అది దేశమంతా వార్త అయింది. దేశాల మధ్య సంబంధాలు మారితే దారులూ మారతాయి: 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేయడంతో ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన సంస్థల విమానాలకు చుట్టుదారి తప్పలేదు.

కాబట్టి టికెట్‌లో ఎన్ని మజిలీలుంటే అన్ని ముక్కలకూ దూరం విడివిడిగా లెక్కగట్టి కూడాలి. హైదరాబాద్, దుబాయ్‌ల మీదుగా వెళ్తే విశాఖ–హైదరాబాద్ 510, హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డాలస్ 12,930 కిలోమీటర్లు, మొత్తం 15,990. నేరుదారికంటే 1,600 కిలోమీటర్లు ఎక్కువ. పెద్ద అంకెలా కనిపించినా గాలిలో అది రెండు గంటల లోపు పని. మన ప్రయాణాన్ని నిజంగా సాగదీసేది చుట్టుదారి కాదు, మజిలీలలో ఎదురుచూపు. టికెట్ ఎంచుకొనేటప్పుడు కిలోమీటర్లు తక్కువున్నదని మురిసిపోకుండా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

విమానంలో గడిచే సమయం

దూరప్రయాణాల పెద్ద విమానాలు గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. అయితే టికెట్ మీద ఉండే సమయం విమానం గేటు వదిలింది మొదలు అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, ఎత్తుకెక్కడం, దిగడం అన్నీ అందులోనే ఉంటాయి. అందుకని నేను దూరాన్ని 850తో భాగించి అరగంట కలుపుతాను. దుబాయ్–డాలస్‌కు 12,930ని 850తో భాగిస్తే 15 గంటల 12 నిమిషాలు. అరగంట కలిపితే 15 గంటల 42 నిమిషాలు. టికెట్‌లో దీనికంటే కాస్త ఎక్కువే, 16 గంటలకు పైగా కనిపిస్తుంది. తిరిగివచ్చేటప్పుడు అదే దూరానికి గంటకు పైగా తక్కువ చూపిస్తుంది.

ఆ తేడా గాలిది. ఉత్తరార్ధగోళంలో విమానాలు ఎగిరే పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. చలికాలంలో అది గంటకు రెండు వందల కిలోమీటర్లు కూడా దాటుతుంది. పడమటికి వెళ్లేవారికి ఎదురుగాలి, తూర్పుకు వచ్చేవారికి తోడుగాలి. సింగపూర్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లేవారికి ఇది తిరగబడుతుంది, ఎందుకంటే పసిఫిక్ మీద వారు తూర్పుకు పోతారు: వెళ్లేటప్పుడు 13,580 కిలోమీటర్ల ఆ ముక్క తొందరగా ముగుస్తుంది, తిరుగు ప్రయాణం గంటకు పైగా ఎక్కువ పడుతుంది. మన తీరం మీద ఇంకో విశేషం ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం పైన చాలా ఎత్తున గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. ఆ ఉష్ణమండల తూర్పు జెట్‌ను 1958లో వెలువడిన పరిశోధనాపత్రంలో వివరించినవారు మన వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. దాని జోరైన నడిభాగం విమానాల ఎత్తుకంటే పైనే ఉంటుంది కాబట్టి ప్రయాణ సమయంపై దాని ప్రభావం కొద్దిపాటిదే.

రెండు గడియారాల చిక్కు

అమ్మ ప్రయాణంలో లెక్క తప్పింది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చెబుతాను. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. బయలుదేరే సమయం విశాఖది, చేరే సమయం డాలస్‌ది. ఆ రెండింటినీ నేరుగా తీసివేయడం అంటే గజాల్లోంచి మీటర్లు తీసివేయడమే. ముందు అన్నింటినీ ఒకే గడియారంలోకి మార్చుకోవాలి. ఇంట్లో అందరికీ తెలిసినది భారత కాలమానం కాబట్టి దానిలోకే మార్చడం మేలు.

భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది సూర్యుణ్ని బట్టి నిర్ణయించినది. ఆ గీత కాకినాడ సమీపంగా పోతుంది, విశాఖ దానికి కొద్దిగా తూర్పున ఉంది. డాలస్ గడియారానికి ఆధారం 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. మధ్య తేడా 172.5 డిగ్రీలు, భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 11 గంటల 30 నిమిషాలు. ఇది వారి చలికాలపు లెక్క. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారాలను గంట ముందుకు జరుపుతారు, అప్పుడు తేడా 10 గంటల 30 నిమిషాలే. దుబాయ్ ఏడాది పొడవునా మనకంటే గంటన్నర వెనుక. అక్కడ గడియారాలు మార్చరు. ఆ రెండు ఆదివారాలకు అటూ ఇటూ ప్రయాణమున్నవారు మాత్రం చేరే తేదీని బట్టి తేడా చూసుకోవాలి. విమానాశ్రయానికి ఎదురొచ్చేవారు గంట ముందో వెనుకో రావడం ఎక్కువగా ఆ వారాల్లోనే జరుగుతుంది.

వేసవిలో ఒక ప్రయాణాన్ని ఊహించుకుందాం. సోమవారం రాత్రి 8 గంటలకు విశాఖలో బయలుదేరి 9.20కి హైదరాబాద్. అక్కడి నుంచి మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి దుబాయ్ గడియారం ప్రకారం 6.30కి దుబాయ్, మన గడియారంలో అది 8 గంటలు, అంటే ప్రయాణం 4 గంటలు. దుబాయ్‌లో 9.30కి మళ్లీ బయలుదేరడం. మనకు అప్పుడు పగలు 11 గంటలు. అక్కడి నుంచి 16 గంటల 15 నిమిషాలకు, మన గడియారంలో బుధవారం తెల్లవారుజామున 3.15కి డాలస్. అక్కడ ఇంకా మంగళవారం సాయంత్రం 4.45 మాత్రమే.

ఇప్పుడు చూడండి. సోమవారం రాత్రి 8 నుంచి మంగళవారం సాయంత్రం 4.45 వరకు నేరుగా తీసివేస్తే 20 గంటల 45 నిమిషాలు వస్తుంది. అమ్మకు చెప్పిన "ఇరవై ఒక్క గంటలు" సరిగ్గా ఇలా పుట్టిందే. దానికి 10 గంటల 30 నిమిషాలు కలిపితే అసలు సమయం 31 గంటల 15 నిమిషాలు. సరిచూసుకోవడానికి మరో దారి ఉంది: విమానాల్లో గడిచినది 1.20, 4.00, 16.15 కలిపి 21 గంటల 35 నిమిషాలు; ఎదురుచూపు హైదరాబాద్‌లో 6.40, దుబాయ్‌లో 3.00 కలిపి 9 గంటల 40 నిమిషాలు. రెండూ కూడితే అదే 31 గంటల 15 నిమిషాలు. రెండు దారుల్లో ఒకే అంకె రాకపోతే ఎక్కడో ఒక ఊరి గడియారాన్ని మార్చడం మరిచిపోయారని అర్థం.

గడప నుంచి గడప దాకా

ఎంవీపీ కాలనీ నుంచి విమానాశ్రయం దగ్గరే అనిపిస్తుంది కానీ సాయంత్రం వేళ ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటడానికి గంట పెట్టుకోవాలి. విమానానికి రెండు గంటల ముందు చేరాలంటే 5 గంటలకే ఇల్లు కదలాలి. అవతల ఇమిగ్రేషన్, సామాను, కారు ప్రయాణం కలిపి రెండున్నర గంటలు. అలా మొత్తం 36 గంటల 45 నిమిషాలు అవుతుంది. పక్కింటివారు చెప్పిన ఒకటిన్నర రోజు ఇదే.

విమానాల రాకపోకలు భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి మారినప్పుడు ఆకాశదూరంలో తేడా నామమాత్రం: అది ఉత్తరాన ఉంది కాబట్టి డాలస్‌కు సుమారు ముప్పై కిలోమీటర్లు దగ్గరవుతాం, అంటే గాలిలో రెండు మూడు నిమిషాలు. కానీ గాజువాక వాళ్లకు రోడ్డు మీద ఊరంతా దాటి మధురవాడ, ఆనందపురం, తగరపువలసల మీదుగా పోవలసి వస్తుంది. ఇంటి నుంచి రోడ్డు సమయాన్ని మాత్రం కొత్తగా కొలుచుకోవాలి.

హైదరాబాద్ దాకా రైల్లో వెళ్లి అక్కడ విమానం ఎక్కేవారూ మనలో చాలామందే ఉన్నారు. సికింద్రాబాద్ దాకా సుమారు 700 కిలోమీటర్లు. వందే భారత్‌కు ఎనిమిదిన్నర తొమ్మిది గంటలు, రాత్రి బళ్లకు పన్నెండు దాకా. అక్కడి నుంచి శంషాబాద్‌కు గంటన్నర వేసుకోవాలి. రైలు ఆలస్యానికి విమాన సంస్థ బాధ్యత తీసుకోదు కాబట్టి కనీసం ఆరు గంటల వెసులుబాటు లేకుండా ఈ దారి పట్టమని ఎవరికీ చెప్పను. రెండు విమానాలను వేర్వేరు టికెట్లతో కొన్నా ఇదే ఇబ్బంది: సామాను హైదరాబాద్‌లో తీసుకొని మళ్లీ అప్పగించాలి, మొదటిది ఆలస్యమైతే రెండోది ఆగదు. ఒకే టికెట్ మీదున్నా, అమెరికాలో ఇంకో ఊళ్లో విమానం మారవలసి ఉంటే సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ ముగించి, సామాను తీసుకొని తిరిగి ఇవ్వాలి. ఆ మజిలీకి మూడు గంటలకంటే తక్కువ ఉంటే పెద్దవాళ్లకు ఆ టికెట్ వద్దు.

చివరి పని కాగితం. మా ఇంట్లో ఏ4 కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమవైపు ఆ ఊరి సమయం, కుడివైపు భారత సమయం పెద్ద అక్షరాలతో రాస్తాం. కుడివైపు వరుసలోనే మాత్రల వేళలు ఎర్ర సిరాతో పెడతాం. పై ఉదాహరణలో సోమవారం రాత్రి 9 గంటలకు హైదరాబాద్ చేరబోతుండగా ఒకటి, మంగళవారం ఉదయం 9కి దుబాయ్‌లో ఒకటి, మంగళవారం రాత్రి 9కి డాలస్ విమానంలో ఒకటి: మూడు పూటలు. విమానాలు ఆలస్యమైనా సరిపోయేలా మరో రెండు రోజుల మాత్రలు, డాక్టరు రాసిచ్చిన చీటీతో సహా, చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్ తీసుకొనేవారు ఈ కాగితాన్నే డాక్టరుకు చూపించి వేళలు మార్చాలో వద్దో అడగాలి. ఆ నిర్ణయం మనం చేయకూడదు.

రెండోసారి వెళ్లినప్పుడు అమ్మ చేతి గడియారాన్ని విశాఖ సమయంలోనే ఉంచమని, డాలస్‌లో మా చెల్లెలు ఎదురొచ్చాకే మార్చుకోమని చెప్పాం. మూడో పూట మాత్రలు వేసుకొన్నాక ఆ కాగితంలో ఎర్ర గీత పక్కన తనే పెన్నుతో టిక్కు పెట్టింది. దాన్ని అక్కడి ఫ్రిజ్ మీద అంటించి ఫొటో పంపారు.